లివర్‌లో గంజాయి స్విచ్, సీసాలో చుక్కలు: కొన్ని అపోహలు - వాస్తవాలు

ఈ నెలలో ఇది నాలుగోసారి. స్కాన్ రిపోర్టు టేబుల్ మీద పెట్టి, ఒకసారి తలుపు వైపు చూసి, గొంతు తగ్గించి అడుగుతారు: "మేడమ్, లివర్‌లో గంజాయికి సంబంధించిన వ్యవస్థ ఏదో ఉంటుందట కదా. దాన్ని సరిచేస్తే కొవ్వు కరిగిపోతుందట. గంజాయి మొక్క నుంచి తీసే సీబీడీ ఆయిల్ వాడొచ్చా?"

ఇలా అడిగేవాళ్లతో నాకు ఇబ్బంది లేదు. అడగకుండా వాడేస్తున్న వాళ్ల కోసమే ఇదంతా రాస్తున్నాను.

అపోహ: ఎండోకానబినాయిడ్ వ్యవస్థ గాడి తప్పడం వల్లే ఫ్యాటీ లివర్ వస్తుంది, గంజాయి మొక్క నుంచి తీసిన నూనె దాన్ని గాడిలో పెడుతుంది.

ఇందులో కొంత నిజం ఉంది. అందుకే ఇంతగా పాకింది. ముందు ఆ నిజమేదో చూద్దాం.

గంజాయి పనిచేసే చోటే పనిచేసే పదార్థాలు మన ఒంట్లోనూ తయారవుతాయి. వాటినే ఎండోకానబినాయిడ్లు అంటారు. 1992లో ఇజ్రాయెల్ శాస్త్రవేత్త మెషూలమ్ బృందం మొదటిదాన్ని పట్టుకుని ఆనందమైడ్ అని పేరు పెట్టింది. అవును, సంస్కృతంలోని ఆనందమే. 1995లో 2-ఏజీ అనే రెండోది దొరికింది. వీటిని శరీరం నిల్వ చేసుకోదు. అవసరం పడినప్పుడు కణం పైపొరలోని కొవ్వు నుంచి తయారు చేసుకుంటుంది, పని కాగానే ఎంజైములతో విరగ్గొట్టేస్తుంది. ఇవి నొక్కే స్విచ్‌లలో ముఖ్యమైనవి రెండు, సీబీ1, సీబీ2. సీబీ1 మెదడులో దండిగా ఉంటుంది. ఆకలి, మూడ్ లాంటివాటిలో దాని చెయ్యి ఉంది. ఆరోగ్యంగా ఉన్న లివర్‌లో మాత్రం చాలా తక్కువ. కొవ్వు పడుతున్న లివర్‌లో పెరుగుతుంది.

లివర్ కణంలో సీబీ1 నొక్కుకుంటే ఎస్‌ఆర్‌ఈబీపీ-1సి అనే ప్రొటీన్ ద్వారా కొవ్వు తయారు చేసే ఎంజైములు జోరందుకుంటాయి. ఉన్న కొవ్వును కాల్చే పని మందగిస్తుంది. 2005లో ఎలుకలకు కొవ్వు మేత పెట్టి చూస్తే వాటి లివర్‌లో ఆనందమైడ్ పెరిగింది. దాన్ని విరగ్గొట్టే ఎంజైము నెమ్మదించడమే కారణం. పుట్టుకతోనే సీబీ1 లేకుండా చేసిన ఎలుకలకు అదే మేత పెట్టినా ఫ్యాటీ లివర్ రాలేదు. 2008లో చేసిన ప్రయోగం నాకు ఇంకా ఇష్టం. అందులో సీబీ1ను లివర్ కణాల్లో మాత్రమే తీసేశారు. ఆ ఎలుకలు మిగతావాటిలాగే లావెక్కాయి, లివర్‌లో మాత్రం కొవ్వు అంతగా చేరలేదు. మద్యంతో వచ్చే ఫ్యాటీ లివర్‌లోనూ ఇదే కథ కనిపించింది. లివర్‌లోనే పక్కనుండే స్టెల్లేట్ అనే కణాలు 2-ఏజీని వదిలితే, అది లివర్ కణాల మీది సీబీ1ను నొక్కుతుంది.

ఇప్పుడు ఇంకోసారి చదవండి. ఎలుకల లివర్‌ను కాపాడింది స్విచ్ లేకపోవడం. గంజాయిలో మత్తునిచ్చే టీహెచ్‌సీ చేసేదేమో ఆ స్విచ్‌ను నొక్కడం! ఈ ప్రయోగాలనే ముందుపెట్టి గంజాయి నూనె అమ్మేవాళ్ల ధైర్యానికి దండం పెట్టాలి.

"సీబీడీ మత్తివ్వదు కదా మేడమ్, అది నొక్కదు కదా?" నిజమే, నొక్కదు. అసలు సీబీ1ను అది సరిగా పట్టుకోనే పట్టుకోదు. మరి లివర్‌లోని సీబీ1ను అది బ్యాలెన్స్ చేస్తుందన్న మాట ఎక్కడి నుంచి వచ్చింది? ఎలుకల్లో ఫలితం ఒకదానిది, సీసాలో ఉన్నది ఇంకోటి.

లివర్‌కూ సీబీడీకీ ఉన్న అసలు సంబంధం వేరే. మింగిన సీబీడీని అరిగించాల్సింది లివరే. కొన్ని రకాల తీవ్రమైన మూర్ఛకు శుద్ధి చేసిన సీబీడీ మందుకు 2018లో అమెరికాలో ఆమోదం వచ్చింది. లివర్ దెబ్బతినవచ్చన్న హెచ్చరిక ఆ మందు లేబుల్ మీదే ఉంది. ట్రయల్స్‌లో అది వాడిన 100 మందిలో సుమారు 13 మందికి రక్తంలో లివర్ ఎంజైములు నార్మల్ కంటే 3 రెట్లు దాటాయి. ఉత్తుత్తి మందు వాడినవాళ్లలో 100కి ఒకరు. వాల్‌ప్రోయేట్ అనే మరో మూర్ఛ మందు కూడా వాడుతున్నవాళ్లకు ముప్పు మరీ ఎక్కువ. ఆ డోసులు పెద్దవే, సీసా చుక్కల్లో అంత ఉండకపోవచ్చు. కానీ సీసాలో ఎంతుందో ఎవరికి తెలుసు? ఆన్‌లైన్‌లో కొన్న 84 సీబీడీ ఉత్పత్తులను పరీక్షించి 2017లో ఫలితాలు వేశారు. లేబుల్ మీద రాసినంత ఉన్నవి మూడో వంతు కూడా లేవు. 18 ఉత్పత్తుల్లో టీహెచ్‌సీ బయటపడింది. అంటే స్విచ్ నొక్కే పదార్థం!

ఒకాయన గురించి చెప్పాలి. యాభైకి దగ్గరలో ఉంటారు. గ్రేడ్ 2 ఫ్యాటీ లివర్, లివర్ ఎంజైము ఎస్‌జీపీటీ 62. బరువు తగ్గమన్నాను. మూడు నెలల తర్వాత 4 కిలోలు తగ్గి నవ్వుతూ వచ్చారు. ఎస్‌జీపీటీ చూస్తే 238. నాకు టెన్షన్ పట్టుకుంది. హెపటైటిస్ బి, సి చూశాం, ఆటోఇమ్యూన్ టెస్టులు చేయించాం. "వేరే మందులేమైనా వాడుతున్నారా?" అని రెండు విజిట్లలోనూ అడిగాను. "ఏమీ లేవు మేడమ్." బయాప్సీ మాట ఎత్తేసరికి ఆయన భార్య హ్యాండ్‌బ్యాగ్ తెరిచి, చేతిరుమాలులో చుట్టిన ముదురు గోధుమ రంగు సీసా తీసి టేబుల్ మీద పెట్టారు. "ఇది కూడా చూడండి మేడమ్. నేను చెప్పమంటే ఈయన చెప్పట్లేదు." పైన పచ్చటి ఆకు బొమ్మ, రబ్బరు డ్రాపర్. పక్కన అక్షరాలు ఎంత చిన్నవంటే ఫోన్‌లో ఫొటో తీసి, పెద్దది చేసి చదివాను. రోజూ రాత్రి నాలుక కింద రెండు డ్రాపర్లు. తగ్గిన 4 కిలోల ఘనత కూడా ఆయన ఆ సీసాకే ఇచ్చారు.

ఆపేశారు. ఆరు వారాల్లో 71కి దిగింది. సీసాలో ఏం ఉండి పెరిగిందో నేను చెప్పలేను గానీ, మిగతావేవీ మార్చలేదు, అదొక్కటే ఆపాం. ఆయన మీద నాకు కోపం రాలేదు. వాళ్ల నాన్నగారు సిరోసిస్‌తో పోయారని అప్పుడు చెప్పారు. భయపడ్డ మనిషి దొరికినదల్లా పట్టుకుంటాడు. దాన్ని ఎలుకల ప్రయోగాల పేరు చెప్పి ఆయనకు అమ్మినవాళ్ల మీదే నా కోపం.

అపోహ: స్విచ్ ఆపితే చాలంటున్నారుగా, ఆ మందే రాయండి.

ఆ ప్రయత్నం అయిపోయింది. సీబీ1ను అడ్డుకునే రిమోనబాంట్‌కు 2006లో యూరప్‌లో ఊబకాయానికి అనుమతి వచ్చింది. బరువు తగ్గింది, ట్రైగ్లిజరైడ్లు తగ్గాయి. కానీ మందుకు మెదడు సీబీ1, లివర్ సీబీ1 అన్న తేడా తెలియదు కదా. డిప్రెషన్, ఆందోళన, ఆత్మహత్య ఆలోచనలు బయటపడ్డాయి. అమెరికా నిపుణుల కమిటీ 2007లోనే వద్దంది, 2008లో యూరప్‌లోనూ అమ్మకాలు నిలిపేశారు. ఆ తర్వాత మెదడులోకి పెద్దగా వెళ్లని మందుల మీద పడ్డారు. వాటిలో ఒకటైన మొన్లునబాంట్ ఫలితాలు 2024లో వచ్చాయి. బరువు తగ్గించింది, కానీ ఆందోళన, చిరాకు, నిద్ర పట్టకపోవడం దానితోనూ కనిపించాయి. ఈ దారి మూసుకుపోలేదు గానీ, ఈ రోజు మీకు రాసివ్వడానికి నా దగ్గర అలాంటి మందు లేదు. మచ్చ (ఫైబ్రోసిస్) పడిన ఫ్యాటీ లివర్‌కు 2024లో అమెరికాలో మొట్టమొదట ఆమోదం పొందిన రెస్మెటిరామ్ పనిచేసేది కూడా థైరాయిడ్ హార్మోన్ రిసెప్టర్ మీద. సీబీ1తో దానికి పని లేదు.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

గంజాయి తాగేవాళ్లలో ఫ్యాటీ లివర్ తక్కువట. కొన్ని సర్వేల్లో అలా కనిపించింది. ఒకే రోజు తీసిన లెక్కతో ఏది ముందో, ఏది వెనకో తెలియదు. హెపటైటిస్ సి ఉండి రోజూ గంజాయి తాగేవాళ్లలో లివర్ కొవ్వు, మచ్చ రెండూ ఎక్కువని చూపిన అధ్యయనాలు ఉన్నాయి. వాటిని ఎవరూ ఫార్వర్డ్ చేయరు.

గ్రేడ్ 1 అయితే ఏం కాదు, గ్రేడ్ 3 అంటే సిరోసిస్. రెండూ తప్పే. అల్ట్రాసౌండ్ గ్రేడ్ కొవ్వు ఎంతుందో చెబుతుంది, మచ్చ సంగతి చెప్పదు. మచ్చ కోసం ఫిబ్-4 లెక్క వేయించుకోండి. వయసు, ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ, ప్లేట్‌లెట్లు ఉంటే చాలు. 1.3 దాటితే తర్వాతి టెస్టు గురించి మాట్లాడదాం.

ఎస్‌జీపీటీ నార్మల్ కాబట్టి లివర్ నార్మల్. కాదు. సన్నగా ఉన్నవాళ్లకు రాదు. వస్తుంది. లివర్ క్లీన్ చేసే పొడులు? వద్దు.

మరి పనిచేసేది ఏమిటంటే, బరువు. ఈ మాట చెప్పగానే ముఖాలు ఎలా వాడిపోతాయో నాకు తెలుసు, నాదీ అలాగే వాడింది. లివర్‌లో కొవ్వు, మచ్చ కొలిచే ఫైబ్రోస్కాన్ మిషన్ మా దగ్గరికి కొత్తగా వచ్చినప్పుడు సరదాగా ఒకరి మీద ఒకరం పెట్టి చూసుకున్నాం. నా కొవ్వు రీడింగ్ 294. టెక్నీషియన్ రెండోసారి పెట్టి చూసింది, మళ్లీ అంతే. పొద్దున్నుంచి పేషెంట్లకు ఉపన్యాసాలు దంచిన మనిషిని, ఆ బల్ల మీద నుంచి దిగడానికే సిగ్గేసింది. శరీర బరువులో 5 శాతం తగ్గితే లివర్ కొవ్వు తగ్గుతుంది, 7 నుంచి 10 శాతం తగ్గితే చాలామందిలో వాపు కూడా దిగుతుంది. నాకు 6 శాతం తగ్గడానికి పద్నాలుగు నెలలు పట్టింది. మధ్యలో రెండు కిలోలు తిరిగి ఎక్కాను కూడా. ఇప్పుడు రీడింగ్ 251.

ఒకటి మర్చిపోయాను. మూర్ఛకు డాక్టర్ రాసిన సీబీడీ వాడుతున్నవాళ్లు ఇది చదివి మందు ఆపేయకండి, ఫిట్స్ తిరగబెడతాయి. లివర్ రక్త పరీక్ష (ఎల్‌ఎఫ్‌టీ) ఎప్పుడెప్పుడు చేయించాలో మీ డాక్టర్‌నే అడగండి. సొంతంగా తెప్పించుకుని వాడుతున్నవాళ్లు మాత్రం ఈసారి వచ్చేటప్పుడు సీసా వెంట తెండి. వార్‌ఫరిన్ లాంటి రక్తం పలుచబరిచే మందులు వాడుతుంటే విజిట్ దాకా ఆగకండి, ఇవాళే ఫోన్ చేయండి. సీబీడీ ఆ మందు ప్రభావాన్ని పెంచుతుంది. నేను తిట్టను.