కాంతి నుంచి యాంటీమ్యాటర్: తొంభై ఏళ్ల వేట

కాంతిని కాంతితో ఢీకొట్టిస్తే పదార్థం, అంటే ఒక ఎలక్ట్రాన్, ఒక పాజిట్రాన్ జంట, పుడుతుందని 1934లో గ్రెగరీ బ్రైట్, జాన్ వీలర్ లెక్కగట్టారు. ల్యాబ్‌లో దాన్ని చూడడం మాత్రం జరగని పని అని ఆ పేపర్‌లోనే రాసేశారు. పాజిట్రాన్ అప్పటికే దొరికింది. ఎలక్ట్రాన్‌కు అచ్చు జోడీ అయిన ఈ యాంటీమ్యాటర్ కణాన్ని, ఛార్జ్ ఒక్కటే తిరగబడిన దాన్ని, 1932లో కార్ల్ ఆండర్సన్ కాస్మిక్ కిరణాల్లో పట్టుకున్నాడు.

చిక్కంతా శక్తి దగ్గరే. ఎలక్ట్రాన్-పాజిట్రాన్ జంట పుట్టాలంటే కనీసం 10.22 లక్షల ఎలక్ట్రాన్ వోల్టులు (కణాల శక్తిని కొలిచే ప్రమాణం) కావాలి. ఆకుపచ్చ లేజర్ ఫోటాన్‌లో, అంటే ఒక్క కాంతి కణంలో, ఉండేది రెండున్నర కూడా కాదు. అందుకే ఎంతో ఎక్కువ శక్తి ఉన్న కాంతి, అంటే గామా కిరణాలు, అవసరం.

1960లో లేజర్ వచ్చినా, పవర్ పెంచితే దానిలోని గాజే పాడైపోయేది. 1985లో అమెరికాలోని రోచెస్టర్‌లో డోనా స్ట్రిక్‌లాండ్, జెరార్డ్ మూరూ దారి చూపారు: లేజర్ పల్స్‌ను, అంటే క్షణకాలపు కాంతి తునకను, ముందు సాగదీసి, బలం పెంచి, చివర్లో కుదించడం. 2018లో నోబెల్ వచ్చింది దీనికే.

1997లో కాలిఫోర్నియాలోని స్లాక్ యాక్సిలరేటర్‌లో (కణాలను మహావేగంతో పరుగెత్తించే యంత్రం) 4,660 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టుల ఎలక్ట్రాన్లకు లేజర్‌ను ఎదురుగా కొట్టారు. తగిలి వెనక్కి తిరిగిన ఫోటాన్ గామా కిరణమైంది. అది ఆ లేజర్‌లోనే మరికొన్ని ఫోటాన్లను ఢీకొని జంటను పుట్టించింది. దొరికిన పాజిట్రాన్లు సుమారు వంద.

2008లో అమెరికాలోని లివర్‌మోర్ ల్యాబ్ చిన్న బంగారు ముక్క మీద లేజర్ కొట్టి, పదివేల కోట్లకు పైగా పాజిట్రాన్లు పుట్టాయని ప్రకటించింది. అంకె ఘనమైనదే. కానీ అక్కడ గామా కిరణాలు జంటలుగా మారింది బంగారు పరమాణువుల కేంద్రకాల దగ్గర, కాంతి-కాంతి ఢీలో కాదు. అందుకే నాకు స్లాక్ వందే గొప్పగా అనిపిస్తుంది.

యాక్సిలరేటర్ లేకుండా లేజర్, ప్లాస్మాలతోనే (ఎలక్ట్రాన్లు విడిపోయిన వేడి వాయువు లాంటి స్థితి) కాంతి-కాంతి ఢీని సాధించవచ్చని 2021లో జర్మనీలోని డ్రెస్డెన్ పరిశోధకులు భాగస్వాములుగా ఉన్న బృందం కంప్యూటర్ సిమ్యులేషన్‌లో చూపింది. మైక్రోమీటర్ల వెడల్పు సొరంగం ఉన్న ప్లాస్టిక్ దిమ్మెను రెండు వైపుల నుంచి లేజర్లతో కొట్టాలి. ప్లాస్మాలో దూసుకెళ్లే ఎలక్ట్రాన్లు ఎదురు లేజర్‌లో పడి గామా కిరణాలు విడుదల చేస్తాయి, అవి ఒకదాన్నొకటి ఢీకొంటాయి. పల్సార్ల (వేగంగా తిరిగే, చనిపోయిన నక్షత్రాల దట్టమైన అవశేషాలు) చుట్టూ ఇలాంటి జంటలే నిండి ఉంటాయని ఖగోళ శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు కాబట్టి, వాటిని ల్యాబ్‌లో చదివే అవకాశం చిన్నదేమీ కాదు.

రొమేనియాలోని మగురెలెలో 10 పెటావాట్ల (పెటావాట్ అంటే లక్ష కోట్ల కిలోవాట్లు) లేజర్ ఇప్పటికే ఉంది. అయితే గామా కిరణాలు చుట్టూ ఉన్న కేంద్రకాలకు తగిలినా పాజిట్రాన్లు పుడతాయి. కాంతి-కాంతి ఢీలో పుట్టినవేవో వాటిలోంచి విడదీసి చూపాలి.