గుండు మీద గుండు ఎవరు పెట్టారు?

హైదరాబాద్‌లో ఖాజాగూడ గుట్టలు ఎక్కినవారికైనా, దుర్గం చెరువు గట్టున నిలబడి చూసినవారికైనా ఒక సందేహం రాక మానదు. ఇల్లంత గుండును మరో గుండు మీద, అదీ మోపడానికి జానెడు చోటు కూడా లేని చోట, ఎవరు నిలబెట్టారు? పిల్లలు అడిగితే పెద్దలు ఆ పనిని భీముడికో రాక్షసులకో అంటగట్టి ఊరుకుంటారు. నిజానికి ఎవరూ పెట్టలేదు; పైగుండు ఎక్కడినుంచో దొర్లి రానూ లేదు. ఒకప్పుడు ఆ రెండూ ఒకే బండ. నడుమ ఉన్నది పోయింది, అవి మిగిలాయి.

ఈ గ్రానైట్ సుమారు 250 కోట్ల ఏళ్ల కిందట భూమి లోపల, కిలోమీటర్ల లోతున, కరిగిన శిలాద్రవం నెమ్మదిగా చల్లారి గట్టిపడగా ఏర్పడింది. పైనున్న పొరలు కోట్ల ఏళ్లపాటు అరిగిపోతూ బరువు తగ్గేకొద్దీ, అంతకాలం అణిగి ఉన్న శిల కాస్త ఉబ్బి, నిలువుగా, అడ్డంగా పగుళ్లిచ్చింది. గాలిలోని, నేలలోని కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకొని స్వల్ప ఆమ్లంగా మారిన వాననీరు ఆ పగుళ్లలోకి దిగి, గ్రానైట్‌లోని ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజాన్ని మెల్లగా బంకమట్టిగా మార్చేస్తుంది. పెట్టెలా ఉన్న రాతిముక్కకు ముఖం మీద నీటి దాడి ఒకవైపు నుంచే జరుగుతుంది, అంచు మీద రెండువైపుల నుంచి, మూల మీద మూడువైపుల నుంచి. కనుక మూలలే ముందు అరిగి, పెట్టె కాస్తా బంతి అవుతుంది. ఈ పనిలో చాలా భాగం నేల కిందే, చీకట్లోనే జరిగిపోతుంది. ఆ తర్వాత వానలు చుట్టూ ఉన్న మెత్తటి మట్టిని కడిగేస్తే, గుండ్లు ఉన్నచోటనే బయటపడతాయి. పైగుండు గరిమనాభి కిందిగుండు ఆనిక మీద ఉన్నంతకాలం అది పడిపోదు.

దగ్గరగా చూడాలనుకుంటే ఏదైనా పాత గుండు పక్కన కూర్చుని దాని అడుగున రాలిన పొడిని చేతిలోకి తీసుకోవాలి. ఇళ్ల పునాదుల్లో పోయడానికి లారీలకెత్తి తెచ్చే మొరం ఇలాంటిదే. అందులో గులాబీ రంగు ఫెల్డ్‌స్పార్ పలుకులు వేళ్ల మధ్య నలుగుతాయి, గాజులాంటి క్వార్ట్జ్ మాత్రం నలగదు, నల్లటి అభ్రకం రేకులు ఎండకు తళుక్కుమంటాయి. గుండు ఒంటి మీద ఉల్లిపొరల్లా లేచిన పెచ్చులూ కనిపిస్తాయి. రాళ్లు కొట్టే వడ్డెరలకు ఈ గుణం పాఠం చదవకుండానే తెలుసు: బండ మీద కట్టెలు పేర్చి మంటపెట్టి, వేడికి పైపొర విడివడ్డాక సమ్మెటతో కొట్టి పలకలు లేపేవారు.

ఇదే పనితనం చూడడానికి జనం ఖండాలు దాటి వెళ్తారు. ఆస్ట్రేలియా ఉత్తర భాగంలోని ‘కార్లు కార్లు’ అనే చోటి గుండ్లు ఎర్రటి ఎడారిలో గుడ్లు పొదిగినట్టుంటాయి. ఆ గ్రానైట్ వయసు దాదాపు 170 కోట్ల ఏళ్లు. 1950లలో అక్కడి ఒక గుండును వందల కిలోమీటర్ల దూరంలోని ఆలిస్ స్ప్రింగ్స్‌కు తరలించి ఒక మతబోధకుడి సమాధి మీద ఉంచారు. తమకు పవిత్రమైన రాయిని తమకివ్వాలని మూలవాసులు పట్టుబట్టగా, 1999లో అది సొంతచోటికి తిరిగి వచ్చింది. జింబాబ్వేలో హరారే దగ్గరున్న ఎప్‌వర్త్ రాళ్లకు మరో గౌరవం దక్కింది: ఆ దేశపు కరెన్సీ నోట్ల మీద మూడు గుండ్ల బొమ్మ ఉంటుంది. మనకు గుండంటే మొదట గుర్తొచ్చేది కంకర మిల్లు కావడం నాకు కొంచెం చిన్నతనంగానే అనిపిస్తుంది.

అమెరికాలోని యోసెమిటీలో ఇదే గ్రానైట్ మరో రూపం ఎత్తింది. అక్కడి హాఫ్ డోమ్ అనే కొండ గుండ్రటి వీపు పొరలు ఊడిపోగా తేలినది. నిట్టనిలువు ముఖం ఒక పగులు వెంట రాయి విరిగిపడగా మిగిలినది. దాని వయసు తొమ్మిది కోట్ల ఏళ్లలోపే, మన గుట్టల ముందు పసికూన. ఇక గ్రాండ్ కాన్యన్‌లో కొలరాడో నది సుమారు 1.6 కిలోమీటర్ల లోతు కోసి బయటపెట్టిన అట్టడుగు రాళ్లు కూడా ఖాజాగూడ బండకన్నా అరవై డెబ్బై కోట్ల ఏళ్లు చిన్నవే. కాకపోతే ఆ లోయ అంచున నిలబడితే కళ్లు తిరుగుతాయి, వయసు లెక్కలు గుర్తుకురావు. ఆ విషయంలో దానికి సాటి లేదు.

నగరంలో ఎక్కడైనా రోడ్డు కోసం గుట్టను నిలువునా కోసిన చోటు కనిపిస్తే ఒక్క నిమిషం ఆగి చూడండి. పసుపుపచ్చని మొరం గోడలో, లడ్డూలో జీడిపప్పుల్లా, అక్కడక్కడా గుండ్రటి గట్టిరాళ్లు ఇరుక్కుని ఉంటాయి. వాటి చుట్టూ ఉన్న మట్టి ఇంకా కొట్టుకుపోలేదు.