గదిలోకి వెలుగు తేవడం: ఇంటీరియర్ రెండరింగ్ గురించి అపోహలు – వాస్తవాలు

ఇంటీరియర్ రెండరింగ్‌లో (కంప్యూటర్‌లో నిర్మించిన గదిని ఫోటోలా చిత్రించడంలో) లైటింగ్ నేర్చుకుంటున్న ఒక విద్యార్థి ఆ మధ్య నాకు ఒక పడకగది సీన్ పంపించారు. గదికి ఉన్నది ఒకే కిటికీ అయినా, ఫైలులో మాత్రం పదకొండు లైట్లు ఉన్నాయి. మంచం పక్కన ఒకటి, అలమర పైన ఒకటి, మూలమూలకూ ఒకటి చొప్పున అమర్చినా నీడలన్నీ చెదిరిపోయి, గది అట్టముక్కలతో చేసిన బొమ్మలా కనిపించింది. నేను ఆ పదకొండింటినీ ఆపి, సూర్యుణ్ణీ ఆకాశాన్నీ మాత్రమే ఉంచి, చిత్రం ఎంత వెలుగుగా కనిపించాలో నిర్ణయించే కెమెరా ఎక్స్‌పోజర్‌ను ఆరు స్టాపులు పెంచాను. గది చాలావరకు కుదుటపడింది. మిగిలిన లోపం గోడల్లో ఉంది.

అపోహ: గది చీకటిగా ఉందంటే లైట్లు చాలలేదని అర్థం.

మిట్టమధ్యాహ్నపు ఎండలో ఆరుబయట దాదాపు 1,00,000 లక్సుల (లక్సు అంటే వెలుగును కొలిచే ప్రమాణం) వెలుగు ఉంటే, అదే సమయంలో గదిలో కిటికీకి దూరంగా కొన్ని వందల లక్సులే ఉంటాయి. మన కన్ను ఈ తేడాకు తనంతట తానే సర్దుకుంటుంది కనుక మనకు అది తెలియదు. కెమెరాకు మాత్రం మనమే చెప్పాలి. ఒక్కో స్టాపుకు వెలుగు రెట్టింపవుతుంది కాబట్టి ఆరు స్టాపులంటే 64 రెట్లు. ఇలా పెంచినప్పుడు కిటికీ బయటి దృశ్యం తెల్లబారుతుందని చాలామంది భయపడతారు కానీ, నిజమైన ఫోటోలోనూ జరిగేది అదే. బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో 4.0 వెర్షన్ నుంచి డిఫాల్ట్‌గా వస్తున్న ఏజీఎక్స్ వంటి వ్యూ ట్రాన్స్‌ఫార్మ్ (లెక్కించిన వెలుగును తెరపై రంగులుగా మార్చే పద్ధతి) ఆ తెలుపు ఒక్కసారిగా తెగిపోకుండా మెత్తగా కలిసేలా చూస్తుంది.

అపోహ: తెల్ల గోడ అంటే పూర్తి తెలుపు.

నేర్చుకునేవారు అన్నిటికంటే ఎక్కువ సమయం వెచ్చించవలసింది ఇక్కడేనని నా అభిప్రాయం. జేమ్స్ కజియా 1986లో ప్రతిపాదించిన రెండరింగ్ సమీకరణం ప్రకారం, ఒక బిందువు నుంచి వెలువడే కాంతిలో చుట్టూ ఉన్న ప్రతి ఉపరితలం నుంచి దానిపై పడిన కాంతికీ వాటా ఉంటుంది. అంటే గదిలోని ప్రతి గోడా ఒక లైటే. తనపై పడిన కాంతిలో 0.8 వంతును తిరిగి పంపే ఉపరితలాలతో మూసి ఉన్న గదిలో, పరావర్తనాలన్నీ కలుపుకుంటే మొత్తం వెలుగు తొలి కాంతికి 5 రెట్లవుతుంది, 0.9 అయితే 10 రెట్లు, 0.5 అయితే 2 రెట్లే. ఈ విలువను 1గా పెడితే గోడ కాంతిని ఏమాత్రం పీల్చుకోదు. అటువంటి గోడ లోకంలో లేదు, అందుకే ఆ గది పాలిపోయి కనిపిస్తుంది.

మంచి తెల్ల పెయింటుకు 0.8 దగ్గరి విలువ సరిపోతుంది. అయితే ఇది లీనియర్ విలువ, అంటే కాంతి పరిమాణాన్ని నేరుగా చెప్పేది అని గుర్తుంచుకోవాలి. తెరపై రంగులకు వాడే, 0 నుంచి 255 వరకు ఉండే ఎస్‌ఆర్‌జీబీ కొలతలో అది దాదాపు 231 అవుతుంది. కాంతి ఎన్నిసార్లు ఉపరితలాలను తాకి తిరిగి పోవచ్చో చెప్పే బౌన్సుల పరిమితి కూడా దీనికి ముడిపడి ఉన్నదే. 0.8 గోడలను నాలుగుసార్లు తాకిన తర్వాత కూడా కాంతిలో 41 శాతం మిగిలే ఉంటుంది, పన్నెండుసార్లు తాకితే గాని 7 శాతానికి దిగదు. సాఫ్ట్‌వేర్‌ను నాలుగు బౌన్సుల దగ్గర ఆపేస్తే ఆ మిగిలిన కాంతి అంతా పోయి, మూలలు మసకబారతాయి. ఆ విద్యార్థి మూలమూలకూ లైటు పెట్టవలసి రావడానికి కారణం ఇదే.

ఎండ పడిన చెక్క నేలకు సరిగ్గా ఎదురుగా ఉన్న సీలింగును ఒకసారి పరిశీలించండి. అక్కడ లేత నారింజ ఛాయ ఉంటుంది, కిటికీకి దూరమయ్యేకొద్దీ అది బూడిదలో కలిసిపోతుంది. విడిగా పెట్టిన లైటుతో ఆ ఛాయను తేవడం దాదాపు అసాధ్యం.

అపోహ: నాయిస్ (చిత్రంలో చుక్కచుక్కలుగా కనిపించే గరుకుదనం) ఉంటే శాంపిల్స్ (ఒక్కో పిక్సెల్‌కు లెక్కించే కాంతి దారుల సంఖ్య) పెంచడమే మార్గం.

నాయిస్ సగం కావాలంటే శాంపిల్స్ నాలుగు రెట్లు కావాలి కనుక ఈ దారి త్వరలోనే భారమవుతుంది. ముందుగా కిటికీకి పోర్టల్ పెట్టండి. పోర్టల్ కొత్తగా వెలుగునివ్వదు, ఆకాశపు కాంతి ఎటు నుంచి వస్తుందో రెండరర్‌కు చూపిస్తుంది. కిటికీ అద్దానికి మామూలు గాజు మెటీరియల్ వేసి ఉంటే, ఎండ దాని గుండా వచ్చే దారులను పాత్ ట్రేసర్ (కాంతి దారులను వెతుకుతూ చిత్రాన్ని లెక్కించే రెండరర్) సులువుగా పట్టుకోలేదు. నీడల విషయంలో ఆ అద్దాన్ని పారదర్శకంగా మార్చాలి. మిగిలిన నాయిస్‌ను తుడిచే డీనాయిజర్ ఆ తర్వాతే. తొందరపడి వాడితే కుర్చీ కాలు నేలను తాకేచోట ఉండే సన్నని నీడను అది తుడిచేస్తుంది, కుర్చీ గాలిలో తేలినట్లుంటుంది.

అపోహ: బూడిదరంగు క్లే రెండర్‌లో (అన్నిటికీ ఒకే బూడిదరంగు వేసి చేసిన రెండర్‌లో) లైటింగ్ కుదిరితే పని పూర్తయినట్లే.

నీడల దిశ, కిటికీ పరిమాణం చూసుకోవడానికి క్లే రెండర్ మంచిదే. కానీ అంతటా 0.5 విలువతో ఎక్స్‌పోజర్ స్థిరపరచి, తర్వాత 0.8 గోడలు వేస్తే, పైన చెప్పిన లెక్క ప్రకారం గదిలో వెలుగు రెట్టింపు కంటే ఎక్కువవుతుంది. అందుకే నేను గోడలకూ సీలింగుకూ నేలకూ అసలు మెటీరియల్స్ మొదటే వేసి, వస్తువులను మాత్రమే బూడిదరంగులో ఉంచి ఎక్స్‌పోజర్ నిర్ణయిస్తాను. దీపాల లైట్లు ఆ తర్వాత ఒక్కొక్కటిగా వెలిగిస్తాను.