మొక్క ఎప్పుడు పెట్టాలి

చిరంజీవులు బుజ్జికి, చిన్నికి తాతయ్య ఆశీస్సులు.

ఇక్కడ ఉద్దానంలో వానలు బాగా పడుతున్నాయి. నిన్న తోటలో మూడు కొబ్బరిమొక్కలు పెట్టి వచ్చి కూర్చుంటే బుజ్జి ఫోన్లో అడిగిన ప్రశ్న గుర్తొచ్చింది. 2025 జూన్ 18న విశాఖపట్నం నేవల్ డాక్‌యార్డులో ఐఎన్ఎస్ అర్నాలా అనే కొత్త యుద్ధనౌక నౌకాదళంలో చేరిందని టీవీలో చూసి, "పాత ఓడలకే మళ్ళీ రంగు వేసి వాడుకోవచ్చుగా తాతయ్యా, కొత్తవి ఎందుకు?" అన్నావు. అప్పుడు సరిగ్గా చెప్పలేకపోయాను. ఇప్పుడు మట్టి చేతులతోనే రాస్తున్నాను.

నీ వయసులో నేను మా నాన్నని ఇలాంటిదే అడిగాను. మా తోటలో ఒక పెద్ద చెట్టు ఉండేది. దాని కాయలమ్మే నాకు పుస్తకాలు కొనేవారు. ఒక వానాకాలం నాన్న దాని పక్కనే గొయ్యి తీసి మొక్క పెట్టారు. "ఇంత బాగా కాస్తున్న చెట్టు పక్కన మొక్క ఎందుకు?" అని నేను అలిగి అన్నం మానేశాను. ఆయన నన్ను చెట్టు కిందికి తీసుకెళ్ళి పైకి చూడమన్నారు. మొవ్వు కింద కాండం సన్నబడి ఉంది. "ఇది ఇంకా ఐదారేళ్ళు కాస్తుంది. ఈ మొక్క కాపుకి రావడానికీ అన్నేళ్ళే పడుతుంది. ఆ చెట్టు పడ్డాక దీన్ని పెడితే మధ్యలో ఏం తింటావు?" అన్నారు. ఆ మాట నాకు బాగా నాటుకుంది.

ఓడా అంతే. అజయ్ అని ఒక ఓడ ఉండేది. తీరం దగ్గర జలాంతర్గాములను వెతికే చిన్న యుద్ధనౌక. అప్పటి సోవియట్ యూనియన్‌లో కట్టారు. జార్జియాలోని పోతి రేవులో 1990 జనవరిలో మన నౌకాదళంలో చేరింది. మరుసటి ఏడాదే సోవియట్ యూనియన్ ముక్కలైంది. ఓడని కన్న దేశమే లేకపోతే దాని విడిభాగాల కోసం ఎంత తిరగాలో ఆలోచించండి. ఉప్పునీరు ఇనుమును ఊరికే వదలదు. రంగు పైకి కనిపిస్తుంది కానీ రంగు కింద రేకు ఏటా కొంచెం పలచబడుతుంది. అరిగినచోట కోసి కొత్త రేకు అతుకుతారు. ఇంజన్లు విప్పి బాగు చేస్తారు. ఇలా 32 ఏళ్ళు పనిచేయించుకుని 2022 సెప్టెంబరులో దానికి ముంబైలో వీడ్కోలు చెప్పారు. దాని తోటి ఓడ అగ్రయ్ అంతకుముందే, 2017లో వెళ్ళిపోయింది.

మరి వాటి పక్కన మొక్క ఎప్పుడు పెట్టారు? అదే పని చేసే కొత్త ఓడలు 16 కట్టడానికి ఒప్పందాలు 2019 ఏప్రిల్‌లో కుదిరాయి. కలకత్తాలో ఓడలు కట్టే గార్డెన్ రీచ్ వాళ్ళకి ఎనిమిది, కొచ్చిన్ షిప్‌యార్డుకి ఎనిమిది. మొదటిదైన అర్నాలా చేతికొచ్చేసరికి 2025 మే. ఆరేళ్ళు! కొబ్బరిమొక్క కాపుకొచ్చే కాలమే. నా మనసులో మాట చెప్తాను, ఈ మొక్కలు ఇంకా ముందు పెట్టాల్సింది. పాత చెట్లు పడిపోయి, కొత్తవి కాయకముందు ఆ నడిమి ఏళ్ళలో కాపలా అంతా మిగిలిన ఓడల మీదే పడుతుంది. అవి తొందరగా అరిగిపోతాయి.

మన తోటకీ అదే జరిగింది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను ఒక్క రాత్రిలో చెట్లు పడగొట్టింది. నాన్న నేర్పిన పని అంతకుముందు కొన్నేళ్ళు నేను బద్ధకించాను. మళ్ళీ 2019 వానల్లోనే మొక్కలు పెట్టాను. వాటిలో ఒకటి ఈ ఏడే తొలి గెల వేసింది. అర్నాలా వయసు మొక్క అది! కాకపోతే మొక్క మట్టిలోంచి తనంతట తాను పెరుగుతుంది, ఓడ పెరగదు. ఇంజను ఒకచోట, శబ్దంతో జలాంతర్గాములను వెతికే సోనార్ ఒకచోట, రేకులు మరోచోట తయారై రావాలి. ఒక్కటి ఆలస్యమైతే, నీళ్ళు అందని మొక్కలా పని అక్కడే ఆగిపోతుంది.

అర్నాలా పొడవు 77.6 మీటర్లు, అంటే నాలుగు పెద్ద కొబ్బరిచెట్లను వరసగా పడుకోబెట్టినంత. అయినా తక్కువ లోతులో తిరగగలదు. దానికి బయట నీటిని తోసే రెక్కల చక్రం, అదే ప్రొపెల్లర్, ఉండదు. నీటిని లోపలికి లాక్కుని వెనక్కి చిమ్ముతూ ముందుకు పోతుంది. ఈ వరసలో కలకత్తా వాళ్ళు కట్టే ఎనిమిదో ఓడని 2025 జూలైలో నీళ్ళలోకి దింపారు. దాని పేరేంటో తెలుసా? అజయ్. 1961లో గార్డెన్ రీచ్ వాళ్ళే కట్టిన తీర రక్షణ బోటుకీ అదే పేరు. బుజ్జీ, మా నాన్న పేరు నీకు పెట్టుకున్నట్టే.

తీరం దగ్గర నీళ్ళలో జలాంతర్గామిని వెతకడం ఎందుకంత కష్టమని చిన్ని అడుగుతుంది, నాకు తెలుసు. శబ్దం అడుగుకి తగిలి, పైకి తగిలి తిరిగొస్తుంది. ఎండకి వేడెక్కిన పైనీటికీ కింది చల్లనీటికీ మధ్య వంగుతుంది. ఇంతకన్నా ఉత్తరంలో రాయలేను. మీరే విని చూడండి. ఈ ఆదివారం నాన్నతో ఆర్కే బీచ్‌కి వెళ్ళి అక్కడ జనం చూడటానికి ఒడ్డున పెట్టిన కుర్సురా జలాంతర్గామి లోపలికి ఎక్కండి. అంత పెద్ద వస్తువు నీటి కింద దాక్కుంటుందని గుర్తుంచుకోండి. ఇంటికొచ్చాక పెద్ద తొట్టిలో నీళ్ళు పోసి, నాన్న పక్కన ఉండగా బుజ్జి కళ్ళు మూసుకుని రెండు చెవులూ మునిగేలా పడుకోవాలి. చిన్ని తొట్టి ఒక మూల, నీళ్ళ లోపల రెండు రాళ్ళు టక్కుమని కొట్టాలి. శబ్దం ఎటునుంచి వచ్చిందో బుజ్జి వేలితో చూపించాలి. ఎన్నిసార్లు సరిగ్గా చెప్పాడో లెక్క రాసి పంపండి.

మీ తాతయ్య