నేల తెలియని కోళ్లు

తణుకు దగ్గర మాకు తెలిసినవాళ్ల లేయర్ (గుడ్ల కోసం పెంచే కోళ్ల) షెడ్డులో బ్యాచ్ ఎత్తేస్తున్నారని తెలిసి, నాలుగు కోళ్లు అడిగి తెచ్చుకున్నాను. బ్యాచ్ ఎత్తేయడం అంటే, 72 నుంచి 80 వారాలు వచ్చి గుడ్లు తగ్గుతున్న కోళ్లన్నింటినీ ఒకేసారి మాంసానికి అమ్మేయడం. పెరట్లో మునగచెట్టు కింద గంప మూత తీస్తే నాలుగింటిలో ఒక్కటీ బయటికి రాలేదు. గంట గడిచాక ఒకటి లేచి, కాలు బాగా పైకెత్తి మట్టి మీద ఆనించి, కాలినట్టు మళ్లీ వెనక్కి తీసేసుకుంది. గోళ్లు పెరిగి కొనలు వంకర తిరిగాయి. మెడ మీద, వెనక వైపు ఈకల్లేవు. ఎర్రటి చర్మం కనబడుతోంది.

మా పెద్దమ్మ అరుగు మీద కూర్చుని చూస్తోంది. చిన్నప్పటినుంచీ నాటుకోళ్ల మధ్య పెరిగిన మనిషి. "ఏరా, వీటికి నేలంటే తెలీదా?" అంది.

నిజంగానే తెలీదు. పిల్లలుగా ఉన్నప్పుడు కొన్ని వారాలు పొట్టు మీద తిరిగాయేమో గానీ, ఆ తర్వాత ఏడాదికి పైగా వాటి కాళ్ల కింద ఉన్నది పంజరపు ఇనుప వల ఒక్కటే. గుడ్డు ముందుకు దొర్లేలా అదీ ఏటవాలుగా ఉంటుంది. మన దగ్గర చాలా పంజరాల్లో ఒక్కో కోడికి దక్కే చోటు ఏ4 కాగితమంత కూడా ఉండదు. యూరోపియన్ యూనియన్ ఇలాంటి పంజరాలను 2012 జనవరి 1 నుంచి నిషేధించింది.

కోడి గంపలోంచి రాకపోవడం చూసి, దానికి పంజరమే ఇష్టమేమో అనుకుంటాం. ఆక్స్‌ఫర్డ్‌లో మేరియన్ డాకిన్స్ అనే శాస్త్రవేత్త 1970లలో ఈ ప్రశ్ననే కోళ్లను అడిగి చూశారు. ఒకవైపు పంజరం, ఒకవైపు ఆరుబయట పెరడు పెట్టి, ఎటు వెళ్తాయో గమనించారు. పంజరంలో పెరిగిన కోళ్లు మొదట పంజరంలోకే వెళ్లాయి. కానీ పెరడు ఎలా ఉంటుందో కొన్నిసార్లు రుచి చూశాక అటే వెళ్లడం మొదలుపెట్టాయి. వాటికి బయట ఇష్టం లేక కాదు, బయట అంటే ఏమిటో తెలియక. అందుకే తెచ్చిన మొదటి రోజు కోడిని బయటికి లాగకూడదు. తలుపు తీసి ఉంచి, మేత లోపల కొంచెం, గుమ్మం దగ్గర కొంచెం పెట్టి వదిలేయాలి. మావి మూడో రోజుకు గంప నీడ దాటాయి.

బ్రిటన్‌లో ఇలా షెడ్ల నుంచి వచ్చిన కోళ్లను ఇంట్లో పెంచుకోవడం ఇరవై ఏళ్లుగా ఉన్న అలవాటే. 2005లో జేన్ హోవర్త్ మొదలుపెట్టిన సంస్థ, ఇప్పటి బ్రిటిష్ హెన్ వెల్ఫేర్ ట్రస్ట్, లక్షల కోళ్లను దత్తత ఇచ్చింది. దేశంలో గుడ్ల ఉత్పత్తిలో మొదటి స్థానం ఆంధ్రప్రదేశ్‌దే అయినా, మనకు ముసలి లేయర్ అంటే చికెన్ షాపులో తక్కువ రేటుకు దొరికే గట్టి మాంసం. అయినా ఎవరైనా రెండు మూడు తెచ్చుకుందామనుకుంటే, ముందు ఆ కోడి ఒంట్లో ఏం జరిగిందో తెలుసుకోవాలి.

ఎముకలతో మొదలుపెడతాను. ఒక గుడ్డు పెంకులో సుమారు 2 గ్రాముల కాల్షియం ఉంటుంది. కోడి ఎముకలన్నింటిలో కలిపి ఉండేది దాదాపు 20 గ్రాములు. ఏడాదికి 300 గుడ్లు పెడితే 600 గ్రాములు, అంటే తన ఒంట్లో ఉన్నదానికి 30 రెట్లు బయటికి పోతుంది. పెంకు కట్టడానికి సుమారు 20 గంటలు పడుతుంది, రాత్రంతా కూడా ఆ పని సాగుతూనే ఉంటుంది. అప్పుడు కడుపులో మేత తగ్గిపోతుంది కాబట్టి ఎముకల్లోంచి తీసి వాడుకుంటుంది. అందుకోసమే గుడ్లు మొదలయ్యే వయసులో ఎముకల లోపల ఒక మెత్తటి పొర తయారవుతుంది. అయితే గుడ్లు ఆగకుండా వస్తున్నంత కాలం బరువు మోసే గట్టి ఎముక కూడా కొద్దికొద్దిగా అరుగుతూ పోతుంది. దానికి తోడు పంజరంలో నడక లేదు, ఎగరడం లేదు. పని లేని ఎముక ఎటూ బలహీనపడుతుంది.

కాబట్టి ఈ కోళ్లను కాళ్లు పట్టుకుని తలకిందులుగా మోయకండి. మనవైపు సంతలో అందరూ అలాగే పట్టుకుంటారు, నేనూ అలాగే పట్టుకునేవాణ్ని. లేయర్ కాలు, రెక్క అలా పట్టుకుంటేనే విరిగిపోవచ్చు. పైగా పక్షులకు మనలాగా ఊపిరితిత్తుల కింద విభాజక పటలం ఉండదు. తలకిందులు చేస్తే పేగులూ కాలేయమూ గాలితిత్తుల మీద పడి ఊపిరాడదు. రెక్కలు ఒంటికి ఆనించి, కింద అరచెయ్యి పెట్టి, చంకలో బిడ్డలా ఎత్తుకోవాలి. కోళ్లు ఎక్కి కూర్చునే దండెం మొదట్లో జానెడు ఎత్తుకు మించకూడదు. చిన్నప్పుడు దండెం ఎక్కడం అలవాటు కాని కోళ్లకు పెద్దయ్యాక ఎత్తూ దూరమూ సరిగ్గా అంచనా వెయ్యడం రాదని పరిశోధనల్లో తేలింది. పైనుంచి దూకి రొమ్ము ఎముక విరగ్గొట్టుకుంటాయి.

నీళ్ల సంగతి నాకు తట్టనే లేదు. మట్టి చిప్ప నిండా నీళ్లు పెట్టాను, పక్కనే నిలబడి నోరు తెరుచుకుని ఒగరుస్తున్నాయి గానీ తాగడం లేదు. షెడ్డులో నిపుల్‌ను ముక్కుతో పొడిస్తే చుక్క పడుతుంది, వాటికి తెలిసిన నీళ్లు అవే. పెద్దమ్మ లేచొచ్చి చిప్పలో వేలితో టపటపా కొట్టింది. నీళ్లు చింది మెరవగానే ఒకటి వచ్చి వేలిని పొడిచింది. ముక్కు తడిసింది. తల పైకెత్తి మింగింది. పది నిమిషాల్లో నాలుగూ చిప్ప చుట్టూ చేరాయి. ఒకటి చేసేది చూసి మిగతావి నేర్చుకోవడం కోళ్లలో బాగా ఉంటుంది.

మేత ఒక్కసారిగా మార్చకండి. ఇంట్లో నూకలు, తవుడు ఉన్నాయి కదా అని అవే పోస్తే మాంసకృత్తులూ కాల్షియమూ రెండూ చాలవు. షెడ్డులో వాడే లేయర్ మేతే ఓ రెండు మూడు నెలలు ప్రధానంగా ఉండాలి. షెడ్డులో ముక్కు కొన కత్తిరించిన కోడికి చదునైన నేల మీది గింజ దొరకదు, కాబట్టి మేత లోతు గిన్నెలో పొయ్యాలి. పొడి మేతే తిన్న కోడికి కందనకాయ కండ చిన్నగా, మెత్తగా ఉంటుంది. దానికి పని పెడితే కొన్ని వారాల్లోనే బలపడుతుంది. అప్పటిదాకా పొడుగాటి గరిక తింటే మెడ కింద మేత నిలవుండే సంచిలో ఉండచుట్టి అడ్డుపడే ప్రమాదం ఉంది. నేను తోటకూర, మునగాకు సన్నగా తరిగి చిటికెడుతో మొదలుపెట్టాను, పక్కన పెసరగింజంత ఇసుకరాళ్లు పెట్టాను. కాల్షియం కోసం గుల్ల ముక్కలు వేరే గిన్నెలో ఉంచాలి, మెత్తటి పొడి కాకుండా పలుకుగా. పలుకులు కందనకాయలో నిలిచి రాత్రంతా నెమ్మదిగా కరుగుతాయి, పెంకు కట్టే వేళకు అందుతాయి. సాయంత్రం నాలుగు దాటాక అవే వెతుక్కుంటూ ఆ గిన్నె దగ్గరికి వస్తాయి.

రెండో వారంలో గుడ్లు ఆగిపోయాయి. జబ్బు చేసిందని కంగారు పడ్డాను, కానీ కారణం వెలుతురు. కోడి కళ్లతోనే కాక మెదడు లోపలి కణాలతో కూడా వెలుతురును పసిగడుతుంది. పుర్రెలోంచి దిగే కాంతి వాటిని నేరుగా తాకుతుంది. షెడ్డులో దీపాలు వేసి రోజుకు 16 గంటల పగలు చూపిస్తారు. మన పెరట్లో డిసెంబరులో 11 గంటలు, జూన్‌లో 13 గంటలే. పగలు ఒక్కసారిగా తగ్గేసరికి ఒళ్లు గుడ్ల పని ఆపి ఈకలు మార్చే పనిలో పడుతుంది. వీటి పూర్వీకురాలైన ఎర్ర అడవికోడి ఏడాదికి పెట్టేది పది పదిహేను గుడ్లే, మిగతా కాలమంతా తన ఒంటిని బాగుచేసుకోవడానికే. మావాటికి పుట్టాక దొరికిన మొదటి విరామం ఇది. దయచేసి బల్బు పెట్టి గుడ్లు రప్పించే ప్రయత్నం చెయ్యకండి.

ఈకలు ఎలా వస్తాయో రోజూ చూడాలనిపిస్తుంది. మొదలంటా ఊడిన ఈక స్థానంలో కొత్తది వెంటనే మొలుస్తుంది. విరిగి మొదలు మిగిలినది మాత్రం పాత ఈకలన్నీ రాల్చే దాకా అలాగే ఉంటుంది. మొలిచేటప్పుడు మైనం తొడుగు వేసిన నీలం ముళ్లలా ఉంటుంది, లోపల రక్తం పారుతూ ఉంటుంది, ముట్టుకుంటే నొప్పి. బ్రిటన్‌లో బోడి కోళ్లకు కొందరు స్వెటర్లు అల్లి తొడిగారు. ప్రేమతో చేసిన పనే కానీ, అది లేత ఈకలను రాపాడుతుంది, కోడిని ఒళ్లు దువ్వుకోనివ్వదు, పేలకు ఇల్లవుతుంది. ఈకలో అత్యధిక భాగం కెరటిన్ అనే మాంసకృత్తు, దానికి గంధకం ఉన్న అమైనో ఆమ్లాలు కావాలి. అవి చేపల్లో, నువ్వుల్లో బాగా ఉంటాయి. మా ఇంట్లో తెలగపిండికి కొరత లేదు కాబట్టి రోజూ మేతలో గుప్పెడు కలిపాను. ఎండుచేప పెడితే ఉప్పు లేనిదే పెట్టాలి, ఉప్పు ఎక్కువైతే కోళ్లకు విషమే.

ఇన్ని నేర్పాల్సి వచ్చినా ఒక్కటి మాత్రం ఎవరూ నేర్పలేదు. ఐదో రోజు మధ్యాహ్నం చెట్టు కింద బూడిద, పొడి మట్టి కలిపి పోశాను. ఒక కోడి వచ్చి ముక్కుతో రెండుసార్లు గీరింది. కాళ్లు ముడిచి కూలబడి, రెక్కతో మట్టిని ఈకల్లోకి ఎగదోసుకుని, పక్కకు ఒరిగి, కళ్లు మూసుకుంది. దాని ప్రాణం పోతోందేమో అన్నంత భయం వేసింది నాకు, వాలకం అలా ఉంది. అరగంట తర్వాత లేచి ఒళ్లు దులిపింది, తెల్లటి దుమ్ము మేఘంలా లేచింది. ఈకల మీద పేరుకున్న పాత నూనెను ఆ మట్టి పీల్చేస్తుంది. పంజరంలో కూడా కోళ్లు ఇలా చేస్తాయి, మట్టి లేకుండానే, ఉత్త ఇనుప వల మీద. మట్టి దొరక్క ఎంత కాలం ఆగితే దొరికాక అంత ఆత్రంగా చేస్తాయి.

నాటుకోళ్లతో కలపడానికి తొందరపడకండి. ఎవరు ఎవర్ని పొడవాలన్న వరస ప్రతి మందలోనూ ఉంటుంది, ఈ సంగతిని నార్వేకి చెందిన షెల్డరుప్ ఎబ్బె అనే శాస్త్రవేత్త 1920ల మొదట్లోనే రాశారు. ముక్కు తెగిన, ఎముక బోలైన కోడి ఆ తగువులో నిలవలేదు. కనీసం రెండు వారాలు మధ్యలో వల కట్టి, చూసుకోనిచ్చి, తర్వాత రెండు మూడు చోట్ల మేత పెట్టి కలపాలి. పంజరం కోళ్లకు రెట్టతో తాకిడి తక్కువ కాబట్టి పెరటి నేలలోని నులిపురుగులకూ రక్తపారుడుకూ తట్టుకునే శక్తి తక్కువ. పశువుల డాక్టరుకు ఒకసారి చూపించడం మేలు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల ఫారాల్లో బర్డ్ ఫ్లూ బయటపడింది. చుట్టుపక్కల అలాంటిదేమన్నా ఉందంటే ఎంత మనసు పడ్డా కోడిని తేవద్దు.

ఏడో నెలలో ఒక కోడి పెంగ్విన్‌లా నిటారుగా నిలబడటం మొదలుపెట్టింది. పొట్ట ఉబ్బి వేడిగా ఉంది. పచ్చసొన గుడ్డు గొట్టంలోకి పోకుండా కడుపులో జారి పుండు పడిందని డాక్టరు చెప్పారు. ఎక్కువ గుడ్లు పెట్టే రకాల్లో ఇది తరచూ వస్తుంది, అండాశయ క్యాన్సర్ కూడా. మూడు రోజులకు పోయింది. మునగచెట్టు అవతల పాతిపెట్టాం. మిగతా మూడింటికీ ఈకలు నిండుగా వచ్చాయి, వంకర గోళ్లు మట్టి గీరి గీరి అరిగిపోయాయి. ఇప్పుడు వాన మొదలైతే నాటుకోళ్లకంటే ముందే అరుగెక్కి పెద్దమ్మ పక్కన నిలబడతాయి.