రొంప ముక్కుకు, తంటా గొంతుకు

రొంప పట్టి మూడు రోజులుగా ఇంట్లోనే పడి ఉన్నాను. నాకు స్లీప్ ఆప్నియా ఉంది, అంటే నిద్రలో గొంతు మూసుకుని ఊపిరి ఆగి ఆగి ఆడే జబ్బు. దానికోసం నాలుగేళ్లుగా రాత్రిళ్లు, ముక్కులోకి గాలి ఊదే సీప్యాప్ మిషను తగిలించుకుని పడుకునే మనిషిని. ఒక మాస్కు, ఒక గొట్టం, ఒక చిన్న మోటారు. మా మనవడి భాషలో ‘తాతయ్య ఏనుగు వేషం’. మొన్న పలకరించడానికొచ్చిన ఎదురింటి కుర్రాడు మంచం పక్కన దాన్ని చూసి, “మాస్టారూ, మీ జబ్బు గొంతులోది. రొంపేమో ముక్కులోది. మరి ముక్కు దిబ్బడేస్తే గురక ఎందుకు పెరుగుతుందండీ?” అన్నాడు. ముప్పై ఏళ్లు ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పాను గానీ, ఇంత సూటి ప్రశ్న అడిగినవాళ్లు తక్కువ. ముక్కు చీదుకుంటూ ఆ పూట సగమే చెప్పగలిగాను. మిగతాది ఇక్కడ.

స్లీప్ ఆప్నియా సంగతి ఈమధ్య అందరూ వింటున్నదే కాబట్టి రెండు ముక్కల్లో కానిచ్చేస్తాను. నిద్రలో ఊపిరి కనీసం 10 సెకన్లు ఆగడమో, బాగా తగ్గడమో గంటకు 5 సార్లకు చేరితే జబ్బు కింద లెక్క, 30కి చేరితే తీవ్రం. నిద్ర పరీక్షలో నాకు 41 వచ్చింది. అంతకుముందు ఇరవయ్యేళ్లు మా ఇంట్లో అందరూ ‘ఆయనకేం, పడుకుంటే కుంభకర్ణుడే’ అని మురిసిపోయారు. గురకంటే గాఢనిద్ర అన్న ఆ నమ్మకం ఎన్ని గుండెలకు చేటు చేసిందో! సరే, నాకు చెప్పాలని ఉన్నది బొండాం సంగతి.

కోనసీమ వాళ్లం. కొబ్బరితో పోల్చి చెప్పకపోతే మాకు ఏదీ బుర్రకెక్కదు. 2022 జులై 1న ప్లాస్టిక్ స్ట్రాల మీద నిషేధం వచ్చాక బొండాల బండి దగ్గర కాగితం స్ట్రా ఇస్తున్నారు. మొదటి నాలుగు గుక్కలు హాయిగా వస్తాయి. ఈలోగా స్ట్రా నడుము తడిసి మెత్తబడుతుంది. సరిగ్గా అప్పుడే లేత కొబ్బరి తునకొకటి అడుగున స్ట్రా మూతికి అడ్డం పడుతుంది. మనమేం చేస్తాం? గట్టిగా పీలుస్తాం. చటుక్కున స్ట్రా నడుము అతుక్కుపోతుంది. ఇంకా గట్టిగా పీలిస్తే ఇంకా గట్టిగా అతుక్కుంటుంది. అడ్డం పడ్డది అడుగున, మూసుకున్నది నడుమ. కుర్రాడి ప్రశ్నకు జవాబు ఇదే.

అడుగు మూతి మన ముక్కు. పీల్చే నోరు ఊపిరితిత్తులు. తడిసిన నడుము గొంతు, అంటే అంగిలి వెనక నుంచి నాలుక మొదలు దాకా ఉన్న మెత్తటి దారి. ముక్కుకు ఎముక ఆసరా ఉంది. శ్వాసనాళానికి మృదులాస్థి కమ్మీలున్నాయి. నడుమ ఉన్న ఈ కాస్త దారినీ తెరిచి ఉంచేది ఎక్కువగా కండరాలే. మేలుకొని ఉన్నప్పుడు వాటి కాపలా గట్టిది. లోపల పీడనం తగ్గగానే, సెకనులో పదో వంతు గడవకముందే, నాలుకను ముందుకు లాగే జీనియోగ్లాసస్ అనే కండరం బిగుసుకుని దారి తెరుస్తుంది. నిద్రలో ఆ కాపలావాడూ కునుకు తీస్తాడు. అందుకే అదే రొంప, అదే దిబ్బడ పగలు విసుగు, రాత్రి ప్రమాదం.

ఇక్కడ కాస్త లెక్క. ఇష్టం లేనివాళ్లు ఒక పేరా దాటెయ్యండి. ఎర్నెస్ట్ స్టార్లింగ్ అనే ఇంగ్లిష్ శరీరధర్మ శాస్త్రవేత్త 1912 నాటి గుండె ప్రయోగాల్లో గాజు గొట్టం లోపల పల్చటి రబ్బరు గొట్టం అమర్చి వాడాడు. నిద్రలో గొంతు ప్రవర్తన చాలావరకు ఆ రబ్బరు గొట్టంలాంటిదే. గొంతు పాక్షికంగా మూసుకుంటున్న దశలో లోపలికి వెళ్లే గాలి ఎంతంటే, ముక్కు బయటి పీడనంలోంచి ‘గొంతు మూసుకునే పీడనం’ తీసేసి, వచ్చినదాన్ని ముక్కు నిరోధంతో, అంటే గాలికి ముక్కు పెట్టే అడ్డంకితో, భాగించాలి. ఈ సూత్రంలో ఊపిరితిత్తులు ఎంత గట్టిగా పీలుస్తున్నాయన్నది ఎక్కడా లేదు చూశారా! మొదటిసారి గమనించినప్పుడు నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు, ఆప్నియా వల్ల కాదు. ఆరోగ్యవంతుడి గొంతు మూసుకోవాలంటే లోపల పీడనం బయటికంటే సుమారు 10 సెంటీమీటర్ల నీటిమట్టమంత, లేదా అంతకంటే ఎక్కువ తగ్గాలి. నాలాంటివాళ్లకు సున్నా దగ్గరే, అంటే లోపలా బయటా పీడనం ఇంచుమించు సమానంగా ఉన్నా మూసుకుంటుంది. పైన రొంప వచ్చి భాగహారంలో కింది అంకెను పెంచుతుంది.

ఎంత పెంచుతుంది? గొట్టం వ్యాసార్థం సగమైతే నిరోధం 16 రెట్లవుతుందని పాయిజ్వీ సమీకరణం. ఏటా బోర్డు మీద దాన్ని రాబట్టి, స్నిగ్ధత లెక్కలు రెండు చేయించి, గంట కొట్టగానే బయటికొచ్చేవాణ్ణి. ఇది మీ ముక్కులోనే ఉందిరా అని ఒక్క ఏడాదైనా చెప్పి ఉంటే బాగుండేది. ముక్కులో గాలి సుడులు తిరుగుతుంది కనుక లెక్క అచ్చంగా అంతే రాదు గానీ, కొంచెం వాపుకే పెద్ద అడ్డంకి అన్నది నిజం. పైగా దిబ్బడకు అసలు కారణం చీమిడి కాదు. ముక్కు లోపలి పక్కగోడల మీద టర్బినేట్లనే మడతలుంటాయి. వాటి రక్తనాళాలు నిండి ఉబ్బడం వల్ల దారి ఇరుకవుతుంది. అందుకే ఎంత చీదినా ముక్కు తెరుచుకోదు. పడుకుంటే తలలో సిరలు నిండి వాపు ఇంకా పెరుగుతుంది. పక్కకు తిరిగితే కింది వైపు రంధ్రం మరీ మూసుకుంటుంది.

ఆరోగ్యంగా ఉన్నప్పుడు కూడా ఈ వాపు కొన్ని గంటలకోసారి ఒక రంధ్రం నుంచి రెండోదానికి మారుతుంటుంది. 1895లో రిచర్డ్ కైజర్ అనే జర్మన్ వైద్యుడు దీన్ని వర్ణించాడు. ఊపిరి ఏ రంధ్రంలో ఆడుతోందో చూసి మంచిచెడ్డలు చెప్పే మన స్వరశాస్త్రం వాళ్లు అంతకు చాలాముందే గమనించి, కుడిదాన్ని సూర్యనాడి, ఎడమదాన్ని చంద్రనాడి అన్నారు. గమనింపు భేషైనది. ఏ నాడి ఆడుతుంటే ప్రయాణం కట్టాలో చెప్పడం మొదలెట్టారే, అక్కడ నేను దిగిపోతాను.

మళ్లీ స్ట్రా దగ్గరికి. అతుక్కున్న స్ట్రాను బాగుచేయడానికి దారులు రెండు. మెత్తబడ్డ చోటుకు ఇవతల, మన నోటి వైపు, కన్నం పెట్టడం ఒకటి. ఒకప్పుడు తీవ్రమైన ఆప్నియాకు నమ్మకమైన చికిత్స అదే, మెడకు రంధ్రం చేసి గొట్టం పెట్టేవారు. రెండోది అడుగు నుంచి ఎవరైనా ఊదడం. సిడ్నీలో కాలిన్ సల్లివాన్ అనే వైద్యుడు చేసింది ఇదే. మోటారుతో గాలి ఊదే మిషనుకు ముక్కు మాస్కు కలిపి, ఐదుగురు రోగుల ఫలితాలను 1981లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ప్రచురించాడు. ఊదే పీడనం పెద్దదేం కాదు. చెంబులో 10 సెంటీమీటర్ల లోతుకు గొట్టం ముంచి, ఒక బుడగ బయటికి రప్పించడానికి ఎంత ఊదాలో అంతే. వాతావరణ పీడనంలో నూటికి ఒక వంతు.

ఆ పీడనం గొంతు చేరాలంటే ముక్కు దాటాలి. దిబ్బడేసినప్పుడు దారిలోనే కొంత ఖర్చయిపోతుంది, నోరు తెరుచుకుంటుంది. గాలి ముక్కులోంచి వచ్చి నోట్లోంచి పోతుంది. మామూలుగా వదిలే ఊపిరి తేమ ముక్కుకు తిరిగి దక్కుతుంది, ఈ ఒంటిదారి గాలికి అదీ లేదు. లోపలి పొర ఎండి ఇంకా ఉబ్బుతుంది. ఉబ్బేకొద్దీ నోరు ఇంకా తెరుచుకుంటుంది. కోనసీమ గాలిలోనే బోలెడు తేమ కదా అని నేను మిషను గాలికి తేమ పట్టించే నీళ్లతొట్టె నింపడం మానేసి చాలాకాలమైంది. ఫలితం రెండో రోజు పొద్దున తెర మీద కనబడింది. ఊపిరి ఆగడాలు గంటకు ఎప్పుడూ 2 చూపించే మిషను 14 చూపించింది. ఆ రాత్రి తొట్టె నింపి వేడి పెంచాను. ముక్కూ నోరూ కలిపి కప్పే పాత మాస్కు వెతికి తీశాను. మరిగించి చల్లార్చిన ఉప్పునీళ్లతో ముక్కు కడుక్కున్నాను. పచ్చినీళ్లు వద్దు, ముక్కు దారిన మెదడుకెక్కే అమీబా ఒకటుంది.

మా ఆవిడ అమృతాంజనం పట్టించి, జిందా తిలిస్మాత్ రెండు చుక్కలేసి ఆవిరి పట్టించింది. ముక్కు తెరుచుకున్నట్టే అనిపించింది. ‘అనిపించింది’ అని ఊరికే అనలేదు. వాటిలో ఉండే మెంథాల్, చలిని పసిగట్టే టీఆర్‌పీఎం8 అనే గ్రాహకాన్ని మీటుతుంది. చల్లగాలి బాగా ఆడుతోందని మెదడు నమ్ముతుంది. కొలిచి చూస్తే ముక్కు నిరోధం అంతే ఉంటుంది. హాయి నిజం, దారి మాత్రం మూసే ఉంది. ఈ మాట మా ఆవిడతో అనలేదు.

మందుల సంగతి చెప్పాలి. దిబ్బడ విప్పే చుక్కలు రక్తనాళాలను నిజంగానే కుదిస్తాయి గానీ, రోజుల తరబడి వాడితే మందే దిబ్బడ తెస్తుంది. నేను మూడు రోజులకు ఆపేస్తాను. మింగే ఫెనైలెఫ్రిన్ అనే మందు దిబ్బడకు పనిచేయదని 2023 సెప్టెంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ సలహా సంఘం 16-0 ఓట్లతో తేల్చింది. మన జలుబు బిళ్లల్లో అది ఇంకా కనిపిస్తుంది. ఇక మత్తునిచ్చే దగ్గు సిరప్పులు, ‘రొంపకు మందు’ అనే బ్రాందీ! ఆప్నియా ఉన్నవాడికి అవి కునికే కాపలావాడికి జోలపాట. ఆయాసమో, తగ్గని జ్వరమో ఉంటే ఈ వ్యాసం పక్కన పడేసి డాక్టరు దగ్గరికి వెళ్లండి.

నిన్న సాయంత్రం కుర్రాడు మళ్లీ వచ్చాడు. స్ట్రా కథంతా విని, కాసేపు ఆలోచించి, “మాస్టారూ, స్ట్రాను రెండు చివర్లా పట్టుకుని లాగితే? అప్పుడు కూడా అతుక్కోదు కదా?” అన్నాడు. అతుక్కోదు. ఊపిరితిత్తులు బాగా నిండినప్పుడు శ్వాసనాళం కిందికి లాగబడి, దాంతో గొంతు గొట్టం బిగుస్తుంది. వెల్లకిలా పడుకుంటే పొట్ట పైకి తోసి ఆ లాగుడు సడలుతుంది, తల ఎత్తులో ఉంటే కొంత తిరిగొస్తుంది. ఇదంతా చెప్పేలోపే వాడు పెరట్లోకెళ్లి, మంచం తలవైపు కాళ్ల కింద పెట్టడానికి రెండు ఇటుకలు పట్టుకొచ్చాడు.