మనసు రాయైపోలేదు

రణస్థలం, నరసన్నపేట ప్రాంతాల్లో హైవే మీద బండి మీంచి పడి తలకు గట్టి దెబ్బ తగిలిన మనిషి వైద్యం ముగిశాక ఇంటికొస్తాడు. నడుస్తాడు, తింటాడు, పొలం లెక్కలూ చూస్తాడు. కొన్నాళ్లకు ఇంట్లోవాళ్ల నోట ఓ మాట వినిపిస్తుంది: "మనిషి బాగానే ఉన్నాడు గానీ, మనసే రాయైపోనాది." భార్య ఎదురుగా కళ్లు తుడుచుకుంటుంటే "టీ పెట్టలేదేటి?" అంటాడు. ఆవిడ లోలోపల కుమిలిపోతుంది.

చాలాసార్లు అది దెబ్బ చేసిన పనే. కళ్ల గూళ్లకు పైన, మెదడు ఆనుకుని ఉండే ఎముక నున్నగా ఉండదు, ఎగుడుదిగుడుగా ఉంటుంది. తల ఒక్కసారిగా ఆగినప్పుడు మెదడు కదిలి ఆ గరుకు ఎముకకు రాసుకుంటుంది. అందుకే దెబ్బ వేరేచోట తగిలినా, నుదుటి వెనక అడుగుభాగం, కణతల వైపు ముందు కొసలు నలిగిపోతుంటాయి. మొహాన్ని, గొంతును బట్టి ఎదుటివాళ్ల మనసు పట్టుకోవడంలో ఈ భాగాలకు పెద్ద పాత్ర ఉంది. మెదడు భాగాలను కలిపే సన్నటి నరాల పోగులు కూడా దెబ్బతింటాయి. ఆ నష్టం మామూలు సీటీ స్కాన్‌లో చాలావరకు కనిపించదు. కాబట్టి "స్కాన్ నార్మలే కదా" అని తేల్చేయకూడదు.

ఓ మోస్తరు నుంచి తీవ్రమైన దెబ్బ తగిలినవాళ్లలో 39 శాతం దాకా మొహంలోని భావాలు పోల్చుకోవడంలో బాగా ఇబ్బంది పడొచ్చని 2011లో వచ్చిన ఓ విశ్లేషణ అంచనా వేసింది. నవ్వును సులువుగానే గుర్తుపడతారు. భయం, బాధ, కోపం దగ్గరే తడబాటు. ఎదుటివాళ్లు కోపంగా చూస్తే మన కనుబొమలు మనకు తెలియకుండానే కాస్త ముడిపడతాయి. తీవ్రమైన దెబ్బ తిన్నవాళ్లలో ఆ స్పందన కూడా తగ్గుతుంది.

ప్రమాదం వల్ల కాదు గానీ, అరుదైన జబ్బుతో మెదడులో భయం లాంటి భావాలను పసిగట్టే చిన్న భాగాలు, అంటే రెండు అమిగ్డలాలూ పాడైన ఒక మహిళను అమెరికా పరిశోధకులు ఏళ్ల తరబడి పరీక్షించారు. ఆమె భయపడిన మొహాన్ని పోల్చుకోలేకపోయేది. 2005లో అసలు సంగతి బయటపడింది: ఆమె ఫొటోల్లో కళ్లవైపు చూడటమే లేదు. "కళ్లు చూడండి" అని చెప్పగానే భయాన్ని గుర్తుపట్టింది. చెప్పడం ఆపితే మళ్లీ మొదటికే. నాకైతే ఇందులో గొప్ప ఆశ కనిపిస్తుంది. పోయిందనుకున్న శక్తిలో కొంత, పక్కవాళ్ల చిన్న మాటతో తిరిగొచ్చింది!

అందుకే ఆ ఇల్లాలు "ఆయనకే తెలియాలి" అని ఎదురుచూడకుండా, "నాకు బాధగా ఉంది, కాసేపు పక్కన కూర్చో" అని నోటితో చెప్పడం మేలు. ఫొటోలు, గొంతుల సాయంతో భావాలు గుర్తుపట్టే శిక్షణ కూడా కొందరికి పనిచేస్తుంది. తర్వాతిసారి డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు తలనొప్పి, ఫిట్స్ సంగతులతో పాటు ఇంట్లో అతని తీరు ఎలా మారిందో కూడా చెప్పాలి. అతన్ని అడిగితే "నాకేటీ అవలేదు" అంటాడు. చాలామందికి తమలో వచ్చిన మార్పు తమకే తెలియదు.